హన్మండ్లు దిద్దిన గుర్రపు కళ్లు

కోరుట్లలో వినాయకుల కార్ఖానాలు చాలానే ఉన్నాయి. రంగులు వేసేవాళ్లకూ కొదవ లేదు. కళ్లు దిద్దేవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. హన్మండ్లు వాళ్లలో ఒకడు. పద్నాలుగు అడుగుల విగ్రహానికి ఒళ్లంతా స్ప్రే కొట్టి, పట్టుపంచెకు అంచు వేసి, కిరీటానికి రాళ్లు అతికించి, అన్నీ అయ్యాక నిచ్చెన వేసి హన్మండ్లును పిలుస్తారు. అప్పటిదాకా ఆ బొమ్మ పక్కనే కూర్చుని టిఫిన్లు తిన్నవాళ్లు, ఆయన నిచ్చెన దిగేసరికి చెప్పులు విడిచి దూరం జరుగుతారు.

ఆయన పుట్టింది గొల్లపల్లి దగ్గర, తాటిచెట్లెక్కి కల్లు తీసేవాళ్ల ఇంట్లో. పదహారో ఏట తండ్రి నడుముకు మోకు కట్టి చెట్టెక్కిస్తే, సగం దూరం వెళ్లి కళ్లు గట్టిగా మూసుకుని అక్కడే ఉండిపోయాడట. పైకీ పోడు, కిందికీ రాడు. ఊరంతా వచ్చి నవ్వింది. తండ్రే ఎక్కి దింపుకుని, మరుసటి వారం కోరుట్లలో బోర్డులు రాసే దుకాణంలో పెట్టాడు. కొన్నేళ్లకు ఫ్లెక్సీలు వచ్చి బోర్డుల పని పోయింది. అప్పుడు గంగారాం అనే ఆయన కార్ఖానాలో చేరి, నాందేడ్ నుంచి వచ్చిన ఒక ఉస్తాద్ దగ్గర కళ్లు దిద్దడం నేర్చుకున్నాడు.

ఆ ఉస్తాద్ నేర్పిన పద్ధతి ఒకటి ఉంది. పొద్దున్నే స్నానం చేయాలి. కళ్లు పూర్తయ్యేదాకా ఏమీ తినకూడదు. బొమ్మకు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు, దిద్దేవాడు కూడా పక్కనుంచే వంగాలి. ఎడమ కన్ను మూసుకోవాలి. ఊపిరి పట్టి గీత లాగాలి. "రెండు కండ్లు రెండు దిక్కులు గుంజుతయ్. పని చేసే కన్ను ఒక్కటే ఉండాలె" అని ఉస్తాద్ చెప్పాడట. హన్మండ్లు ఇరవై ఏళ్లుగా ఆ మాట తప్పలేదు. మూసీ మూసీ ఆయన ముఖంలో ఎడమ పక్కంతా ముడతలు పడింది. కుడి పక్క మాత్రం నలభై దాటనివాడిలా నున్నగా ఉంటుంది. ఈ పద్ధతి గురించి ఆయన చెప్పినప్పుడు నేను భలే ముచ్చటపడ్డాను, నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా. ఒక్క క్షణం అనుమానపడి ఉంటే బాగుండేది.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. నా పేరు సంజీవ్. జగిత్యాలలో డిగ్రీ కాలేజీ పిల్లలకు చరిత్ర చెబుతాను. చెప్పడం తక్కువ, ఆడుకోవడం ఎక్కువ అని మా ఆవిడ ఉద్దేశం. నాకూ హైదరాబాదులోని ఏడెనిమిదిమంది మిత్రులకూ ఒక పిచ్చి ఉంది. పెద్ద బల్ల మీద గుట్టలు, వాగులు, వంతెనలు చేసి పెట్టి, చిటికెన వేలి సగమంత సిపాయిలను వాటి మీద నడిపించి, పాచికలు వేసి పాత యుద్ధాలు మళ్లీ ఆడతాం. ఆ సిపాయిలు ముక్కలుగా వస్తాయి. కత్తిరించి, అతికించి, రంగులు వేసుకోవాలి. నాకు అతికించడం వచ్చు. రంగు వేస్తే మాత్రం మావాళ్లు పగలబడి నవ్వేవాళ్లు. నా సిపాయిలందరూ కామెర్లు వచ్చినట్టు ఉంటారని ఒకడన్నాడు. ఆ ఉడుకుమోత్తనంతోనే రెండేళ్ల కింద ఒకరోజు ఆరుగురు సిపాయిలను అగ్గిపెట్టెలో పెట్టుకుని కోరుట్ల బస్సెక్కాను.

హన్మండ్లు ఒక సిపాయిని గోటి మీద నిలబెట్టుకుని చాలాసేపు చూశాడు.

"గీనికి కండ్లు గూడ దిద్దాల్నా సార్?"

"దిద్దితే మంచిగుంటది అన్నా. కాకపోతే ఆవగింజంత గూడ ఉండవు."

"కండ్లు లేకుంటే బొమ్మ ఎట్లయితది?" అన్నాడు, నేనేదో తప్పు మాట అన్నట్టు.

వారం తర్వాత వెళితే ఆరుగురూ నా వైపు చూస్తున్నారు. ఒకడు భయపడుతున్నాడు, ఒకడికి నిద్ర లేదు, ఒకడు దొంగచూపు చూస్తున్నాడు. హైదరాబాదులో మావాళ్లు భూతద్దం పెట్టుకుని చూసి నోరెళ్లబెట్టారు. ఆ రోజు నేను పడ్డ గర్వం చెప్పలేను. నేనే దిద్దినంత గర్వపడ్డాను. అప్పటినుంచి వినాయకుల పని లేని నెలల్లో ఆయనకు నా సిపాయిలే పని.

ఈ ఏడాది మార్చి మొదట్లో బండి వచ్చింది. రెండు వందల ఏళ్ల కింద రష్యా మంచులోంచి వెనక్కి మళ్లిన ఒక సైన్యపు బండి. నాలుగు గుర్రాలు, ఇద్దరు తోలేవాళ్లు, పైన గుడ్డ కప్పు, నాలుగు చక్రాలు. అన్నీ కలిపి తొంభైకి పైగా ముక్కలు, బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని ఉన్నాయి. ఏప్రిల్ ఆఖరి ఆదివారం హైదరాబాదులో మా ఆట. ఆ ఆటంతా ఈ బండి వంతెన దాటుతుందా లేదా అన్నదాని మీదే నడుస్తుంది. పెట్టె చంకలో పెట్టుకుని కోరుట్ల వెళ్లాను.

హన్మండ్లు గడప దగ్గర చాప వేసుకుని కూర్చున్నాడు. పక్కన ఆయన భార్య రాజవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పెట్టె మూత మీది బొమ్మ చూసి ఆయన అడిగాడు.

"గిది ఏం బండి సార్?"

"దెబ్బలు తాకిన సిపాయిలను మోసుకపోయే బండి అన్నా."

"ఇంటికి చేరిందా?"

"శానా మటుకు చేరలే. మంచులనే పడిపోయినయ్."

"చేరని బండికి గింత ముస్తాబు ఎందుకు సార్?" అని నవ్వి, రాజవ్వ తెచ్చి ఎడమ పక్కన పెట్టిన చాయ్ గ్లాసును మోచేత్తో తోసేశాడు. చాయ్ చాప మీదికి పారింది. పెట్టెను నేను చటుక్కున ఎత్తిపట్టుకున్నాను.

"రోజు గిదే కథ. చూస్కుంట పెట్టినా తన్నుడే" అంది రాజవ్వ, గుడ్డ తెస్తూ. "వయసు మీద పడ్డదని ఒప్పుకోడు."

ముగ్గురం నవ్వాం. నాకైతే పెట్టె తడవనందుకే సంతోషమేసింది.

పది రోజుల తర్వాత ఆయన కూతురు స్రవంతి ఫోన్ చేసింది. సిరిసిల్లలో బట్టలు కుట్టే యూనిట్‌లో సూపర్‌వైజర్ ఆ అమ్మాయి. అక్కడే గది తీసుకుని ఉంటుంది, ఆదివారాలు కోరుట్ల వస్తుంది. మాటకు ముందు నమస్తే తప్ప మరో మర్యాద తెలియదు, సూటి మనిషి.

"సార్, బీడీల చాట కింద ఒక కాయితం దొరికింది. బాపు కండ్ల గురించి."

సంగతి ఇది. ఫిబ్రవరిలో కోరుట్ల స్కూల్లో కంటి శిబిరం పెట్టారు. కళ్లద్దాలు ఇస్తారంటే హన్మండ్లు వెళ్లాడు. వేలికి సూది గుచ్చి చూస్తే షుగర్ ఆకాశంలో ఉంది. తొమ్మిదేళ్ల షుగర్, గుర్తున్న రోజు గోలీ వేసుకుంటాడు, లేని రోజు లేదు. అది కంటి వెనక పొరకు దిగి ఉంటుంది, చుక్కలు వేసి రెండు కళ్లూ చూడాలి, కూర్చోమని అక్కడి అమ్మాయి చెప్పింది. చుక్కలు వేస్తే ఎంతసేపు మసక ఉంటుందని ఈయన అడిగాడు. సాయంత్రం దాకా అంది. ఆ రోజే కోనరావుపేట వాళ్ల పోచమ్మకు కళ్లు దిద్దాలి. మధ్యాహ్నం వస్తానని చెప్పి లేచి వచ్చేశాడు, మళ్లీ వెళ్లలేదు. ఆ అమ్మాయి చేతిలో పెట్టిన కాగితం మీద, కరీంనగర్ వెళ్లి వెంటనే పరీక్ష చేయించుకోవాలి, ఆలస్యమైతే చూపు పోవచ్చు అని రాసి ఉంది. రాజవ్వకు చదువు రాదు. ఈయన చదివి చాట కింద పెట్టాడు.

"సార్, నేను చెప్తే వినడు. చూపు పోతే బాపు బతకడు. మీరు చెప్తే వింటడు" అంది స్రవంతి.

నాకు భయం వేసింది. ఆ ఆదివారమే వెళ్లాను. కబుర్లు లేకుండా నేరుగా అడిగాను. హన్మండ్లు ముఖం గంటు పెట్టుకుని, "గా పోరి మీదాక తెచ్చిందా?" అన్నాడు. తర్వాత నా చేయి లాక్కుని, బొటనవేలి గోరును వెలుగుకు తిప్పాడు. మూడు వెంట్రుకలున్న బ్రష్‌ను నల్లరంగులో ముంచి, ఎడమ కన్ను మూసి, ఊపిరి పట్టి, నా గోటి మీద రెండు గీతలు లాగాడు. వాటి మధ్య ఇంకో వెంట్రుక పట్టేంత సందు ఉంది. ఆ చివర నుంచి ఈ చివర దాకా ఆ సందు ఎక్కడా పెరగలేదు, తరగలేదు.

"రోజు పొద్దుగాల నా గోటి మీద గిట్ల గీసుకుని చూస్కుంట సార్. చెప్పుర్రి, గీ కన్నుకు రోగముందంటరా?"

చదువుకున్నవాణ్ని. ఒక కన్ను మూసి చేసిన పరీక్ష ఒక్క కంటి పరీక్షే అని తెలియనివాణ్ని కాదు. కానీ ఆ గీతలు అంత అందంగా ఉన్నాయి, చాప మీద సగం అతికించిన బండి అంత అందంగా ఉంది, నేను నమ్మేశాను. నమ్మితే నాకు లాభం కాబట్టి నమ్మాను. ఈ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది, అయినా రాస్తున్నాను.

"ఏమన్న గానీ, ఒక్కసారి చూపిచ్చుకో అన్నా" అని మాత్రం అన్నాను. ఆ మాటలో బరువు లేదని ఆయనకూ తెలుసు.

ఆ తర్వాత నాలుగు వారాలు ఆదివారమైతే చాలు కోరుట్లలో ఉండేవాణ్ని. ఆయన పని చేస్తుంటే చూడటం నాకు సినిమా కంటే ఎక్కువ. ముక్కలు కత్తిరించాక అచ్చు కలిసిన చోట మిగిలే సన్నటి గట్లను బ్లేడుతో గీకి తీసేవాడు. గుర్రాలను ఒక్కోదాన్ని సోడా మూతకు అతికించి, మూత పట్టుకుని తిప్పుతూ రంగు వేసేవాడు. ముందు ఒళ్లంతా నలుపు, దాని మీద గోధుమరంగు. ఆపైన నీళ్లలా పలచన చేసిన ముదురు రంగును వదిలితే అది కండల సందుల్లోకి జారి నీడలా నిలిచేది. చివర బ్రష్ మీది రంగును గుడ్డకు తుడిచేసి, పొడి బ్రష్‌తో మెట్టల మీద రుద్దితే ఎముకలు పైకి తేలేవి. మంచులో తిండి లేని గుర్రాలు అని నేను చెప్పాను కదా, పక్కటెముకలు కనబడేలా చేశాడు. నాలుగో గుర్రం తెల్లది. దానికి నాలుగు రోజులు పట్టింది. చెమట పట్టిన తెలుపు, ఎండిన తెలుపు వేరు వేరని చెప్పి రెండూ వేసి చూపించాడు.

రాజవ్వ బీడీలకు కట్టే దారాన్నే పగ్గాలుగా వాడాడు. దానికి నల్లరంగు పూసి, ఎండాక మైనం రాసి బిగదీశాడు. అంత సన్నటి తోలు పగ్గం ఏ దేశం కొట్లోనూ దొరకదు.

కానీ ఈసారి పని సాఫీగా సాగలేదు. అది నాకు కనబడింది. చక్రం బొడ్డు ఇరుసు మీదికి ఎక్కించబోతే, ఇరుసుకు ఇంకా గింజంత దూరం ఉండగానే వేళ్లు వదిలేసేవాడు. చక్రం కింద పడేది. మళ్లీ తీసి మళ్లీ వదిలేవాడు. "జరుగుతుంది సార్ గీ ఇరుసు, పాడు బండి" అని తిట్టేవాడు. ఇరుసు ఎక్కడికీ జరగడం లేదు. బ్రష్‌ను నీళ్ల గ్లాసులో ముంచబోయి గ్లాసుకు ఇవతల గాలిలో ముంచేవాడు. కళ్లెం రింగులోకి దారం ఎక్కించడానికి ఒకరోజు గంట పట్టింది, చివరికి రాజవ్వే చాట పక్కన పెట్టి వచ్చి, ఒక్కసారికే ఎక్కించి వెళ్లింది. ఆయన ఆమెను చూసిన చూపు నాకు నచ్చలేదు. నేను ముఖం తిప్పుకున్నాను.

మరో ఆదివారం ఎడమ భుజం కమిలి ఉంది. బస్టాండు దగ్గర స్కూటర్ తగిలిందట.

"హారన్ గొట్టడు సార్, పక్కపొంటి అచ్చి గుద్దిండు. కండ్లు లేవా అంటే నన్నే అడుగుతుండు, కండ్లు లేవా అని."

ఏ పక్కనుంచి వచ్చాడని నేను అడగలేదు. భుజం చెబుతూనే ఉంది. ఎన్నో లడాయిల్లో ఏ సేనాపతి ఎక్కడ ముప్పును చూడలేదో పిల్లలకు బోర్డు మీద గీసి మరీ చెబుతాను. అరచేయి దూరంలో ఉన్న ముప్పు నా కంటికి ఎందుకు ఆనలేదు? ఆనింది. నేనే చూడదలుచుకోలేదు.

ఏప్రిల్ రెండో వారానికి స్రవంతి ఎవరి మాటా వినకుండా కరీంనగర్ కంటి దవాఖానాలో సోమవారానికి నంబరు తీసుకుంది. తను సెలవు పెట్టుకుంది. తండ్రికి చొక్కా ఇస్త్రీ చేయించమని తల్లికి చెప్పింది. శనివారం మధ్యాహ్నం నేను కాలేజీలో ఉండగా హన్మండ్లు ఫోన్ చేశాడు.

"సార్, సోమవారం పోతే చుక్కలేస్తరు. ఏమన్న ఉందంటే సూది గూడ ఏస్తరట, అప్పుడు వారం పది రోజులు పని ముట్టద్దంటరట. బండికి ఇంక కప్పు గుడ్డ, రెండు గుర్రాల పగ్గాలు, కండ్లు ఉన్నయ్. మీ ఆటకు ఇంక రెండు వారాలే ఉన్నయ్. ఎట్ల మరి?"

ఆయన నన్ను అనుమతి అడుగుతున్నాడు. బండి ఎటన్నా పోనీ, నువ్వు దవాఖానాకు పో అంటే పోయేవాడు. విసుక్కునేవాడేమో, కానీ పోయేవాడు. అది నాకు ఆ క్షణంలోనే తెలుసు. కిటికీలోంచి మైదానంలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటే చూస్తూ నేను ఇలా అన్నాను.

"వారంల ఏమైతది తియ్ అన్నా. బండి అయినంక పోదువు."

"గట్లనే సార్" అన్నాడు. ఆయన గొంతులో ఎంత తేలిక వినబడిందో, నా గుండెలో అంత బరువు దిగింది. అయినా తిరిగి ఫోన్ చేయలేదు.

వారం గడిచాక, ఆటకు ముందు ఆదివారం, బండి తెచ్చుకుందామని పొద్దున్నే బయలుదేరాను. కోరుట్లలో బస్సు దిగేసరికి పది కూడా కాలేదు, ఎండ అప్పుడే నెత్తిన కూర్చుంది. గడపలో స్రవంతి నిలబడి ఉంది. నమస్తే పెట్టలేదు.

"బండి అయినంక పోదువన్నరట గద సార్?"

"రేపే తీస్కపోదాం స్రవంతీ, నేను గూడ అస్త" అన్నాను. అమ్మాయి పక్కకు తప్పుకుంది.

లోపల హన్మండ్లు స్నానం చేసి, తడి జుట్టుతో, తలుపు వెలుగులో కూర్చుని ఉన్నాడు. ముందు రోజు రాత్రి భోజనం తర్వాత ఏమీ తినలేదు. తినలేదు కాబట్టి గోలీ కూడా వేసుకోలేదు. రాజవ్వ చెప్పి చెప్పి అలిసిపోయి, బీడీలు కూడా చుట్టకుండా గోడకు ఆనుకుని కూర్చుంది. బండి పీట మీద ఉంది. చక్రాలకు మంచు, కప్పు గుడ్డ మీద పాత నెత్తుటి మరక, తోలేవాళ్ల గడ్డాల్లో తెల్లటి నూగు. నాలుగు గుర్రాలూ తలలు దించి బరువు లాగుతున్నాయి. అంత చక్కటి పని నా జన్మలో చూడలేదు. ఆ నిమిషం నిజంగా నా భయమంతా పోయింది. ఇంత పని చేసిన మనిషికి కళ్లు బాగా లేకపోవడమేమిటి అనిపించింది.

"ఎదురుంగ నిలబడకుర్రి సార్" అన్నాడు. నేను గోడ పక్కకు జరిగాను.

ఎడమ కన్ను మూశాడు. ముఖంలో ముడతలన్నీ అటు పోగయ్యాయి. ఊపిరి పట్టి మొదటి గుర్రానికి తెల్లటి గీత, మధ్యలో నల్ల చుక్క పెట్టాడు. గుర్రం చూసింది. అలసిపోయిన చూపు. రెండోదానికి భయం. మూడోది పక్కదాన్ని ఓరగా చూస్తోంది. ఒక్కో గుర్రానికి ఒక్కో ప్రాణం పడుతోంది. తెల్ల గుర్రానికి ఒక వైపు కన్ను పడింది. బండిని పీట మీదే మెల్లగా తిప్పి, రెండో వైపు కోసం వంగాడు.

బ్రష్ ఆగింది.

"ఇస్స్" అన్నాడు. "పగ్గం రంగు వదిలింది."

పక్కనున్న తడిగుడ్డ తీసి, కొసను వేలికి చుట్టి, తెల్ల గుర్రం మెడ మీద తుడిచాడు. మళ్లీ చూశాడు. మళ్లీ తుడిచాడు, ఈసారి గట్టిగా.

"పోతలేదు. నల్లగ కారుతుంది."

నేను వంగి చూశాను. గుర్రం మెడ మీద ఏమీ లేదు. ఉన్న తెల్లరంగు ఆయన వేలికింద లేచిపోతోంది. చెమట తెలుపు, ఎండిన తెలుపు, దానికింది నీడ, అన్నీ పోయి అడుగు నలుపు బయటపడుతోంది. అది పెరిగేకొద్దీ ఆయన ఇంకా తుడుస్తున్నాడు.

"బాపూ, ఏం తుడుస్తున్నవ్?" అంది స్రవంతి.

"దారం బిడ్డా. నల్ల దారం. ఒకటి గాదు, మస్తున్నయ్. బండి మీంచి పోతున్నయ్ సూడు." ఆయన చూపు పీట మీంచి గడప మీదికి, గడప మీంచి గోడ మీదికి కదిలింది. వేలు కూడా దాని వెంటే కదిలింది. "గోడ మీదికి గూడ పాకినయ్. ఇల్లంత పొగొస్తున్నది. రాజవ్వా, పొయ్యి మీద ఏం బెట్టినవే?"

పొయ్యి వెలిగించే లేదు. రాజవ్వ లేచి నిలబడింది. ఆ దారాలు బండి మీద లేవు, గోడ మీద లేవు. ఆయన కంటిలోపల నెత్తురు చిమ్ముతోంది. వారం కింద, పిల్లల క్రికెట్ చూస్తూ నేను అన్న మాట నా చెవిలో నా గొంతుతోనే వినబడింది.

స్రవంతి ఏడవలేదు. గబగబా వచ్చి తండ్రి ముందు మోకాళ్ల మీద కూర్చుని, చేతిలోంచి గుడ్డ, బ్రష్ తీసేసింది.

"బాపూ, భయపడకు. గా కన్నును జర ఊకుండనియ్. రెండోది మంచిగుంటే మనకు ఇంక కాలం ఉన్నది. నా దిక్కు చూడు."

ఎడమ అరచేయి ఎత్తి ఆయన ముఖానికి ఆనించింది. కుడిచేయి వేళ్లు చాచి ఎదురుగా పట్టుకుంది.

"గియ్యి ఎన్ని వేళ్లు?"

హన్మండ్లు విసుక్కున్నాడు. చిన్నపిల్ల ఆటకు పిలిస్తే పెద్దవాళ్లు విసుక్కున్నట్టే, ముద్దుగానే.

"మజాక్ జేస్తున్నవా బిడ్డా? రెండు కండ్లు మూసి ఎన్ని వేళ్లంటే నేనెట్ల చెప్పాలె? చెయ్యి తియ్."

ఆమె అరచేయి కుడి కన్ను మీద మాత్రమే ఉంది. ముడతల మధ్య ఎడమ కన్ను పూర్తిగా తెరుచుకుని, ఆమె చూపిస్తున్న మూడు వేళ్లకు జానెడు దూరంలో రెప్ప వేస్తోంది.